ఘాటు రాని మిరపకాయలు

"కేసు అయిపోయింది మేడం. మీరు ఆలస్యంగా వచ్చిండ్రు," అన్నాడు సీఐ తుల్సీరాం, హాలు గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"అయిపోయిన కేసుకి ఇంత కాపలా ఎందుకు సార్?" అంది సుమేరా. "జరగండి. నా చేతిలో ఉన్నది మేజిస్ట్రేట్ గారి అనుమతి. కోపం ఉంటే నామీద చూపించండి, ఆయన సంతకం మీద కాదు."

తుల్సీరాం జరిగాడు. అరడుగు మాత్రమే జరిగాడు. సుమేరా ఆ అరడుగు సందులోంచే లోపలికి నడిచింది. ఖమ్మంలో ఆమె డిటెక్టివ్ బోర్డు కట్టి నాలుగేళ్లయింది. అంతకు ముందు ఇన్సూరెన్స్ కంపెనీకి పనిచేసేది. కాలిపోయిన మిర్చి గోదాముల్లో తిరిగి, పొగ మరకలు చూసి, నిప్పు ఎటునుంచి పుట్టిందో చెప్పడం అప్పటి ఉద్యోగం. గుమ్మం దగ్గర ఆపే మగవాళ్లు ఆమెకు కొత్త కాదు.

హాలు కొత్త రంగు వాసన వేస్తోంది. బూర్గంపాడు దాటాక, అడవి మొదలయ్యే చోట, మిర్చి వ్యాపారి వెంకటప్పయ్య కట్టించిన రెసిడెన్షియల్ కాలేజీ అది. అద్దాలన్నీ బిగింపు అద్దాలు, తెరుచుకోవు. రాకపోకలకు ఒక్కటే తలుపు. కరెంటు తక్కువ తాగే కట్టడాలకు ఇచ్చే గ్రీన్ బిల్డింగ్ సర్టిఫికెట్ కోసం అలా కట్టారు. మంగళవారం మధ్యాహ్నం ధన్‌సింగ్ అనే కుర్ర ఇంజనీరు ఈ హాల్లో గాలి కొలుస్తూ కొలుస్తూ పడిపోయాడు. చండ్రుగొండ దగ్గర తండా అతనిది. ఇంకా కళ్లు తెరవలేదు. అతని రక్తంలో ఉన్నది జనరేటర్ పొగ అని డాక్టర్లు తేల్చారు.

ఆ పొగ హాల్లోకి ఎలా వచ్చింది? పోలీసులు వెంటనే జవాబు చెప్పేశారు. గాలి గొట్టాలు బిగించినవాడు తప్పుగా బిగించాడు. బిగించినవాడు ఖమ్మంలో రేకుల దుకాణం నడిపే అజారుద్దీన్. అతన్ని ఈ సాయంత్రం కోర్టులో నిలబెట్టి జైలుకు పంపిస్తారు. ధన్‌సింగ్ ప్రాణం పోతే కేసు ఇంకా పెద్దదవుతుంది. అజారుద్దీన్ భార్య జహీదా నిన్న చంటిబిడ్డను ఎత్తుకుని సుమేరా గుమ్మం ఎక్కింది. "ఆయన బిగించిన గొట్టం ఉల్టా పోదు ఆపా," అన్న ఒక్క మాట తప్ప ఆమె ఇంకేమీ చెప్పలేకపోయింది.

ఘటన జరిగిన చోటు చూపించడానికి అజారుద్దీన్‌ను పోలీసులు ఇక్కడికే తెచ్చారు. రెండు చేతులకు బేడీలతో స్టేజీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. మూడు రోజుల గడ్డం.

"సలాం ఆపా," అన్నాడు లేచి.

"కూర్చో. అడిగినదానికే చెప్పు. ఈ హాలుకి గొట్టాలు ఎన్ని?"

"రెండే. అది ఫ్రెష్ ఎయిర్," అని అడవి వైపు గోడ పైన ఉన్న జాలీ చూపించాడు. "బయట మంచి గాలి అండ్లకెల్లి లోపటికొస్తది. ఇది ఎగ్జాస్ట్. లోపటి పాత గాలి ఇండ్లకెల్లి బయటికి పోతది." ఈసారి చూపించింది స్టేజీ మూలన ఉన్న జాలీని. "ఒక్కోదానికి ఒక్కో ఫ్యాన్."

"ఎగ్జాస్ట్ అవతలి మూతి ఎక్కడ తేలింది?"

"జనరేటర్ షెడ్డులో. పాత గాలే గదా, ఎటు పోతే ఏందని ఇంజనీర్లే అట్ల గీసిండ్రు."

తుల్సీరాం చప్పట్లు కొట్టాడు. "విన్నరా? షెడ్డులో తేలింది. కరెంటు పోయింది, జనరేటర్ ఆటోమేటిక్‌గా అందుకుంది, ఈయన ఉల్టా బిగించిన ఫ్యాన్ పొగనంతా లోపటికి గుంజింది. పని చెడగొట్టి, పొద్దున బస్సెక్కి ఖమ్మం చెక్కేసిండు. బస్సు టికెట్ గూడ దొరికింది. ఇంకేం గావాలె మీకు?"

"మజ్జిగ గావాలె," అంది సుమేరా, తలుపు వైపు చూసి. "వస్తోంది."

వెంకటప్పయ్య, ఆయన భార్య ఆదెమ్మ లోపలికి వస్తున్నారు. కోస్తా నుంచి వచ్చి మధిర వైపు స్థిరపడిన కుటుంబం. ఆమె చేతిలో గ్లాసుల పళ్లెం ఉంది. ఆయన తెల్లచొక్కా, భుజం మీద తువ్వాలు. నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని దగ్గాడు. రెండు పొడి దగ్గులు, వాటి వెనక ఈల వేసినట్టు ఒక ఊపిరి.

"క్షమించాలమ్మా. ముప్పై ఏళ్లు మిర్చి యార్డులో గడిపితే ఛాతీ ఇట్లాగే అయిపోతుంది," అన్నాడు. "ఆ కుర్రాడు బతకాలని భద్రాద్రి రాముడికి మొక్కుకున్నాను. మీకేం కావాలన్నా అడగండి."

"దిష్టి," అంది ఆదెమ్మ పళ్లెం పట్టుకునే. "ఈ హాలుకి దిష్టి తగిలిందని ఆ రోజు పొద్దున్నే చెప్పాను. ఎవరు విన్నారు?"

"ఊరుకో. పోలీసుల ముందు ఆ మాటలేంటి?"

తుల్సీరాం నవ్వాడు. సుమేరా నవ్వలేదు. కాలిన గోదాముల్లో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. అందరూ నవ్వేసిన మాటను విడిగా పక్కన పెట్టుకోవాలి.

"మీకెట్ల తెలిసింది పెద్దమ్మా?" అంది.

ఆదెమ్మ ముఖం వెలిగింది. మూడు రోజుల తర్వాత ఆమెను ఎవరో ఒక మాట అడిగారు. "మంగళవారం గదా అని మూకుట్లో నిప్పులేసి మిరపకాయలు కాల్చానమ్మాయ్. మా సొంత సరుకు, తేజ కాయ. ఒక్కటి కాలితే వీధంతా తుమ్మాలి. గుప్పెడు పోశాను. ఒక్కళ్లకి తుమ్ము లేదు, దగ్గు లేదు. ఘాటు రాకపోతే దిష్టి ఎంత గట్టిదో నువ్వే చెప్పు!"

"మూకుడు ఎక్కడ పెట్టిండ్రు?"

"ఈశాన్యం మూల. ఇదిగో, ఈ స్టేజీ మీద."

సుమేరా తలెత్తింది. ఈశాన్యం మూలకు సరిగ్గా పైన ఎగ్జాస్ట్ జాలీ.

"అప్పుడు ఫ్యాన్లు తిరుగుతున్నయా?"

"తిరక్కేం? ఈ అబ్బాయే వేసి చూపించాడు. దిష్టి తీశాక ప్రసాదం చేతిలో పెడితే, బస్సు పోతుందని నుంచునే తిని పరిగెత్తాడు."

"హాల్లో ఎవరికీ దగ్గు రాలే. మరి బయట?"

"అదేనమ్మా నా భయం! షెడ్డు దగ్గర ఊడుస్తున్న జంపక్క ఒక్కతే దగ్గి దగ్గి నీళ్లడిగింది. నిప్పు ఇక్కడ, దగ్గు అక్కడ! దిష్టి దాని మీదికి పోయిందేమోనని కొబ్బరికాయ, కొత్త చీర చేతిలో పెట్టి ఇంటికి పంపించేశాను."

సుమేరా మజ్జిగ గ్లాసు అందుకుని ఒక్క గుక్కలో తాగేసింది. ఇంతకంటే మంచి సాక్ష్యం ఆమెకు ఏ ఫోరెన్సిక్ ల్యాబూ ఇవ్వలేదు.

"పెద్దమ్మా, ఆ తేజ కాయలు ఇంకా ఉన్నయా?"

"కాలేజీ వంటింట్లో బస్తా ఉంది."

"ఇంతటితో చాలు," అన్నాడు వెంకటప్పయ్య. "ఆదెమ్మా, నీకు బీపీ పెరుగుతుంది. కారెక్కి ఇంటికెళ్లు. కాయలు పనివాళ్లు తెచ్చిస్తారు." అని సుమేరా వైపు తిరిగాడు. "మీరు ఏం కాల్చుకున్నా నేను మాత్రం లోపల ఉండలేనమ్మా. ఆ ఘాటు నాకు పడితే డాక్టరు దగ్గరికే. బయటే ఉంటాను."

భార్యాభర్తలు బయటికి వెళ్తుంటే హైదరాబాద్ కన్సల్టెంట్ జయప్రకాశ్ లోపలికి వచ్చాడు. బిల్డింగ్‌కి సర్టిఫికెట్ తెప్పించే బాధ్యత ఇతనిది. ధన్‌సింగ్ ఇతని దగ్గరే పనిచేస్తాడు. చేతిలో ట్యాబ్, మణికట్టుకు ఖరీదైన గడియారం. సుమేరాను చూసి ఇంగ్లీషులో నమస్కారం లాంటిది ఏదో అన్నాడు.

"కూర్చోండి. ఇక్కడ కుర్చీలకేం తక్కువ లేదు," అంది ఆమె. "సిమ్యులేషన్ అంటే ఏందో సీఐ గారికి ఒకసారి చెప్పండి. ఆయన రిపోర్టులో ఆ మాట నాలుగు చోట్ల రాసిండు, ఒక్కచోట గూడ సరిగ్గా రాయలే."

తుల్సీరాం మెడ ఎర్రబడింది.

"ఈ బిల్డింగ్‌నే కంప్యూటర్లో మళ్లీ కడతాం," అన్నాడు జయప్రకాశ్ ఓపిక తెచ్చుకుని. "ఎండ ఎంత, గోడ ఎంత మందం, లోపల ఎంతమంది, వాళ్ల కోసం బయటి గాలి ఎంత తేవాలి, ఆ గాలిని చల్లబరచడానికి ఎంత కరెంటు అవుతుంది. అన్నీ లెక్క కట్టి, ఏడాదికి ఎంత ఖర్చో చూపిస్తాం. తక్కువ ఖర్చయితే సర్టిఫికెట్‌కు ఎక్కువ పాయింట్లు."

"అంటే బయటి వేడిగాలి తక్కువ తెస్తే ఏసీకి పని తక్కువ. పాయింట్లు ఎక్కువ."

"అలా తగ్గించడానికి వీల్లేదు. మనిషికి ఇంత గాలి అని రూల్ ఉంది."

"మనిషికి. బాగుంది. ఈ హాల్లో మీ కంప్యూటర్ ఎంతమంది మనుషులను కూర్చోబెట్టింది?"

జయప్రకాశ్ ట్యాబ్ తెరవలేదు. "అరవై."

సుమేరా వరసల వైపు చూసింది. రెండు వందల కుర్చీలు, కొన్నిటి మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా తియ్యలేదు.

"మిగతా నూట నలభై మంది ఊపిరి బిగబట్టి కూర్చుంటరా?"

"అది సగటు లెక్క మేడం. మీకు అర్థం కాదు."

"అర్థం కాదని ధన్‌సింగ్‌కు గూడ చెప్పిండ్రట గదా? దవాఖానాలో మంచం పక్కన కూర్చున్న వాళ్లక్క నాకు చెప్పింది. ఇంటికి ఫోన్ చేసి మొత్తుకున్నడట. కరెంటు పాయింట్లకు పంపిన కంప్యూటర్ నమూనాలో ఈ హాల్లో అరవై మంది, ఆరోగ్యం పాయింట్లకు పంపిన దాంట్లో రెండు వందల మంది. ఒక్క హాలుకు రెండు రకాల ఊపిరి. అరవై మందికి సరిపోయే ఫ్యాన్ కొని, రెండు వందల మందికి గాలి ఇస్తున్నట్టు చూపించాలె. ఆ మాట పైకి రాస్తానన్నడు ఆ పిల్లగాడు. మంగళవారం ఆఖరిసారి కొలిచి, బుధవారం రాసి పంపుదామనుకున్నడు."

"నిరూపించండి!" జయప్రకాశ్ లేచాడు. "మంగళవారం ధన్‌సింగ్ గాలి మీటర్ రీడింగ్ పోలీసుల దగ్గరుంది. రెండు వందల మందికి చాలినంత గాలి లోపలికి వచ్చింది. సిమ్యులేషన్‌లో ఎంత ఉందో అంతే వచ్చింది!"

"అవ్," అన్నాడు తుల్సీరాం ఉత్సాహంగా. "మీటర్ నేనే సీజ్ చేసిన. అంతే ఉంది."

"నేను అడగాలనుకున్నది అదే. చిన్న ఫ్యాన్ అంత గాలి ఎక్కణ్నుంచి తెచ్చింది?"

అజారుద్దీన్ తల మెల్లగా స్టేజీ మూల వైపు తిరిగింది. సుమేరా అతనికి కళ్లతోనే ఆగమని చెప్పింది.

పనివాడు నిప్పుల మూకుడు, సంచిలో మిరపకాయలు తెచ్చి గుమ్మంలో పెట్టి పోయాడు. సుమేరా రెండూ తీసుకుపోయి ఈశాన్యం మూలన పెట్టింది.

"ఇదేం తమాషా మేడం? మీరు మిర్చి కాలిస్తే కోర్టు నమ్ముద్దా?"

"కోర్టు సంగతి తర్వాత. ముందు మీ ముక్కు నమ్ముద్దో లేదో చూద్దాం. ఫ్యాన్ల పెట్టెకు సీలు ఎవరేసిండ్రు?"

"నేనే. ఆ రోజు ఎట్లుందో అట్లనే ఉంది. ఎవడూ ముట్టలే."

"ఫ్యాన్లు వేయండి. తలుపు దగ్గరికి వేయండి. మీ అజారుద్దీన్ మొదటినుంచీ తప్పు బిగించి ఉంటే, మంగళవారం పొద్దున ఆదెమ్మ గారికి ఏం జరిగిందో ఇప్పుడు మనకూ అదే జరగాలె. ఘాటు రావద్దు, దగ్గు రావద్దు. మీరు దగ్గకుండా నిలబడితే నేను బోర్డు పీకేసి ఇంటికి పోత."

"జీపు టిఫిన్‌కు పంపిన. లేకపోతే మా కానిస్టేబుల్ గూడ చూసేటోడు ఈ సర్కస్," అని తుల్సీరాం స్విచ్చులు నొక్కాడు. చేతులు కట్టుకుని మూకుడు పక్కనే, మీసం దువ్వుకుంటూ నిలబడ్డాడు.

సుమేరా గుప్పెడు తేజ కాయలు నిప్పుల మీద పోసింది.

పొగ పైకి లేవబోయి, జాలీ ముందుకు రాగానే ఎవరో చేత్తో తోసినట్టు కిందికి విరిగింది. హాలు మీదికి పరుచుకుంది. మొదట జయప్రకాశ్ తుమ్మాడు. తుల్సీరాం పళ్లు బిగబట్టాడు. కళ్లు ఎర్రబడ్డాయి, నీళ్లు నిండాయి, మెడ నరాలు ఉబ్బాయి. అప్పుడు పేలిందతని దగ్గు. ఇక ఆగలేదు. వంగి, మోకాళ్లు పట్టుకుని దగ్గుతూనే ఉన్నాడు. బేడీలతో ఉన్న అజారుద్దీన్ కూడా దగ్గుతూ నవ్వుతున్నాడు, నవ్వుతూ దగ్గుతున్నాడు.

సుమేరా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, తలుపు తీసి బయటికి కేక వేసింది. "వెంకటప్పయ్య గారూ! షెడ్డు దగ్గర ఘాటేమైనా తెలుస్తోందా?"

"ఏం లేదమ్మా!" జనరేటర్ షెడ్డు వైపు నుంచి ఆయన గొంతు. "ఇక్కడ శుభ్రంగా ఉంది!"

ఆమె తలుపు చేరేసి, మూకుడు మీద నీళ్లు చల్లి వెనక్కి వచ్చింది. తుల్సీరాం రుమాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు.

"చెప్పండి సార్. మంగళవారం పొద్దున ఘాటు హాల్లో లేదు, షెడ్డులో ఉంది. జంపక్క దగ్గింది. ఇయ్యాల ఘాటు షెడ్డులో లేదు, హాల్లో ఉంది. మీరు దగ్గిండ్రు. పొద్దున ఫ్యాన్ సక్కగ తిరిగింది. ఆ తర్వాతనే ఉల్టా అయింది. మీ సీలు పడకముందే అయింది. మీ ఇంట్లో బోరు మోటారు ఉందా?"

"ఉంది."

"రెండు ఫేజుల వైర్లు అటుదిటు మారిస్తే ఏమైతది?"

తుల్సీరాం రుమాలు దించాడు. "ఉల్టా తిరుగుద్ది," అన్నాడు నెమ్మదిగా. పల్లెలో పుట్టినవాడికి ఆ సంగతి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

"అజారుద్దీన్ పొద్దునే బస్సెక్కిండు. టికెట్ దొరికిందని మీరే చెప్పిండ్రు, అదే అతని నేరమన్నరు. ఇప్పుడు జవాబు చెప్పండి. బస్సులో కూర్చున్నోడు ఇక్కడ వైర్లు ఎట్ల మార్చిండు?"

తుల్సీరాం జేబులోంచి తాళంచెవి తీశాడు. అజారుద్దీన్ కుడిచేతి బేడీ విప్పాడు. ఎడమ చేతిది మాత్రం అలాగే వేలాడనిచ్చాడు. పూర్తిగా ఓడిపోవడం అతనికి అలవాటు లేదు.

"పెట్టె తెరువు. నేను చూస్తుండగ తెరువు."

స్టేజీ గోడకున్న పెట్టె సీలు తెంచి, ఫ్యాన్ ఆపి, అజారుద్దీన్ మూత తీశాడు. ఒక్క చూపు చూసి వెనక్కి తిరిగాడు. "గివి నేను పెట్టిన తీరు కాదు సాబ్. నేను వైరు కొస మడిచి పెడత. ఈ రెంటికి మడత విప్పి నిలువుగ దూర్చిండ్రు. మూడోది మాత్రం నా మడతతోనే ఉంది, సూడుండ్రి."

తుల్సీరాం వంగి చూశాడు. మూడూ చూశాడు.

"మళ్లీ నీ పద్ధతిలో పెట్టు," అంది సుమేరా.

అతను వైర్లు మార్చి బిగిస్తుంటే తలుపు కిర్రుమంది. ఆదెమ్మ. చీర కొంగులో మిరపకాయల మూట, చేతిలో పొయ్యి మీంచి తెచ్చిన కొత్త నిప్పుల మూకుడు.

"గేటు దగ్గర డ్రైవర్ని ఆపి దిగి వచ్చేశాను," అంది గర్వంగా. "మీరంతా దగ్గడం అక్కడిదాకా వినపడింది. దిష్టి పోయిందా అమ్మాయ్?"

"పోతోంది పెద్దమ్మా. ఇంకొంచెమే మిగిలింది," అని సుమేరా జయప్రకాశ్ వైపు తిరిగింది. "లోపటి గాలి బయటికి తోయాల్సిన ఫ్యాన్‌ను తిప్పేస్తే అది గూడ గాలి లోపటికే తెస్తది. చిన్న ఫ్యాన్ తెచ్చింది, ఉల్టా ఫ్యాన్ తెచ్చింది, రెండూ కలిస్తే మీ కంప్యూటర్ చెప్పిన అంకె. మీ నమూనా నిజమని చూపించుకోవడానికి హాలు ఊపిరినే తిరగేసిండ్రు. ఆ అంకె ఎవరికి గావాలె? రేకులు కొట్టేటోనికా?"

జయప్రకాశ్ ఒక కుర్చీ మీద కూలబడ్డాడు. ప్లాస్టిక్ కవర్ చప్పుడు చేసింది.

"నేనే తిప్పాను," అన్నాడు. "కొలిచేంతవరకే. ఒక్క గంట కోసం. మీటర్లో అంకె వస్తే ధన్‌సింగ్ నోరు మూసుకుంటాడనుకున్నాను. పిల్లల మీద ఒట్టు, వాణ్ని చంపాలని కాదు. అప్పుడే కరెంటు పోతుందని, జనరేటర్ వస్తుందని నాకేం తెలుసు?"

"కరెంటు పోయిందా?" అంది ఆదెమ్మ. "ఎప్పుడు?"

"ధన్‌సింగ్ పడిపోయినప్పుడమ్మా," అన్నాడు తుల్సీరాం.

"అయ్యో, పోలేదు బాబూ! ఆ అబ్బాయికి గారెలంటే ఇష్టమని అప్పుడు గ్రైండర్‌లో పప్పు వేశాను. పప్పు నలిగేదాకా అది ఆగకుండా తిరిగింది. వంటింటికి జనరేటర్ లైను లేదు, కరెంటు పోతే గ్రైండర్ టక్కున ఆగిపోవాలిగా? వీళ్లు కేకలు పెడితే నేనే స్విచ్చు ఆపి పరిగెత్తుకొచ్చాను."

సుమేరా తలెత్తి లైట్ల వైపు చూసింది. కరెంటు పోలేదు. హాలు ఒక్కదానికే పోయింది. అంటే తలుపు బయట ఉన్న హాలు మెయిన్ స్విచ్‌ను ఎవరో చేత్తో దించారు. జనరేటర్‌ను పిలిచారు. ఫ్యాన్ ఉల్టా తిరుగుతోందని తెలిసినవాళ్లే ఆ పని చేస్తారు.

"జయప్రకాశ్ గారూ, ఫ్యాన్ తిప్పిన సంగతి ఎవరెవరికి చెప్పిండ్రు?"

"ఒక్కరికే. సర్టిఫికెట్ రాకపోతే తను మునిగిపోతానన్నారు, ధైర్యం చెబుదామని..."

లైట్లు ఆరిపోయాయి.

ఫ్యాన్లు మూలుగుతూ ఆగాయి. తలుపు ధడాలున మూసుకుంది. బయట గడియ పడిన చప్పుడు అందరికీ వినపడింది. మరుక్షణం గోడ అవతల జనరేటర్ గుర్రుమని లేచింది.

తుల్సీరాం తలుపు మీద పడ్డాడు. భుజంతో గుద్దాడు, బూటుతో తన్నాడు. కొత్త టేకు తలుపు కదల్లేదు. జయప్రకాశ్ కుర్చీ ఎత్తి అద్దానికి కొట్టాడు. కుర్చీ కాలు విరిగింది, అద్దం మీద గీత కూడా పడలేదు.

"జీపు బయట లేదు," అంది సుమేరా. "మీరు అజారుద్దీన్‌ను ఎక్కించుకుని కోర్టుకు వెళ్లిపోయిండ్రు అనుకుంటున్నడు సార్, ఆ స్విచ్ దించినోడు. లోపల నేను, నోరు జారే కన్సల్టెంట్ మాత్రమే ఉన్నమని లెక్క. ఇద్దరం పోతే మళ్లీ అజారుద్దీన్ తప్పే. ఫ్యాన్ ఇంకా ఉల్టానే ఉందని వాడి నమ్మకం. ఇందాక మన దగ్గు వాడూ విన్నడు."

లైట్లు మళ్లీ వెలిగాయి. జనరేటర్ కరెంటు. ఫ్యాన్లు కదిలాయి.

తుల్సీరాం నెమ్మదిగా వెనక్కి తిరిగాడు. అతని చూపు ఫ్యాన్ పెట్టె దగ్గర ఆగింది, అక్కణ్నుంచి బేడీ వేలాడుతున్న చేతి మీదికి వచ్చింది.

"అరేయ్ అజారుద్దీన్..." అని, గొంతు సవరించుకుని, "అజార్ భాయ్. గట్టిగ బిగించినవా?"

"బిగించిన సాబ్," అన్నాడు అజారుద్దీన్. "మొన్న గూడ గిట్లనే బిగించిన."

సుమేరా ఆదెమ్మ చేతిలోంచి మూకుడు అందుకుని ఈశాన్యం మూలన పెట్టింది. వట్టి నిప్పులతో గాలి దిక్కు తెలియదు. ఆమె చెయ్యి చాపకముందే ఆదెమ్మ కొంగులోంచి ఒక గుప్పెడు కాయలు తీసి నిప్పుల మీద పోసింది. కాయలు చిటపటలాడాయి. పొగ లేచింది, నిటారుగా నిలబడింది, ఎటు పోవాలో తెలియనట్టు ఒక్క క్షణం ఊగింది. నలుగురూ దాన్నే చూస్తున్నారు. అజారుద్దీన్ ఒక్కడే చూడలేదు. కళ్లు మూసుకున్నాడు, పెదవులు కదులుతున్నాయి.

పొగ జాలీ వైపు వంగింది. సన్నగా, నల్లగా, దారం లాగినట్టు లోపలికి పోయింది.

డీజిల్ వాసన లేదు. ఘాటు లేదు. ఎవరికీ దగ్గు రాలేదు.

"అల్లా," అన్నాడు అజారుద్దీన్ కళ్లు తెరిచి. తుల్సీరాం అతని ఎడమ చెయ్యి పట్టుకుని రెండో బేడీ కూడా విప్పేశాడు. బేడీలు నేల మీద పడ్డాయి. ఎవరూ వాటిని తియ్యలేదు.

అప్పుడు జాలీలోంచి వినపడింది.

గోడ అవతల, షెడ్డులో, జనరేటర్ మోతను దాటుకుని గొట్టం వెంట వచ్చింది ఒక దగ్గు. తెరిపి లేకుండా దగ్గుతున్నారెవరో. ఊపిరి అందక ఆగి, మళ్లీ రెండు పొడి దగ్గులు. వాటి వెనక, ఈల వేసినట్టు ఒక ఊపిరి.

"ఎవడ్రా అది?" అని తుల్సీరాం గోడ వైపు దూకాడు.

సుమేరా ఆదెమ్మ ముఖం చూసింది. ఇక ఎవరినీ ఏమీ అడగాల్సిన పని లేదు. ఆ ముఖంలో రక్తం లేదు. ముప్పై ఏళ్లుగా పక్కనే పడుకుని, వీపు నిమిరి, వేడినీళ్లు కాచి ఇచ్చిన దగ్గు అది. చీకట్లో వెయ్యి దగ్గుల్లో ఉన్నా ఆమె గుర్తుపడుతుంది.

"నేను ఇంటికెళ్లాననుకున్నాడు," అంది ఆదెమ్మ మెల్లగా. తర్వాత తల అడ్డంగా ఊపింది, తన మాట తనకే నచ్చనట్టు. "కాదు. నేను లేకపోతే మాత్రం? గారెలు తింటానని కూర్చున్న పిల్లాణ్ని... ఎవరో కన్న పిల్లాణ్ని..."

"పెద్దమ్మా," అంది సుమేరా.

ఆదెమ్మ వినలేదు. వంగి, కొంగు ముడి విప్పింది. మూటలో మిగిలిన తేజ కాయలన్నీ రెండు చేతులా ఎత్తి నిప్పుల మీద పోసింది.